జావా సులుక్ పద్యాల్లో చావు బతుకులు: చదవడం ఎలా? తెలుగు పాఠకులకు సమగ్ర మార్గదర్శి

జావాలో అక్షరమాల రెండు శవాలతో ముగుస్తుంది. హ న చ ర క, ద త స వ ల, ప ఢ జ య ఞ, మ గ బ ఠ ఙ. మొత్తం ఇరవై అక్షరాలు, నాలుగు ముక్కలు. వరసగా చదివితే ఓ కథ వస్తుంది: ఇద్దరు దూతలు ఉన్నారు, వాళ్లకు తగవొచ్చింది, బలంలో ఇద్దరూ సమానమే, ఇదిగో వాళ్ల శవాలు. అజి సక అనే రాజు తన కత్తిని ఒక సేవకుడికి అప్పగించి, నాకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. తర్వాత ఆ మాట మరచిపోయి, దాన్ని తెమ్మని ఇంకో సేవకుణ్ని పంపాడు. ఇద్దరూ యజమాని మాటే నిలబెట్టారు, ఇద్దరూ చచ్చారు.

ఆ లిపి మన లిపికి దూరపు చుట్టమే. మన వత్తుల్లాగే వాళ్లకూ హల్లు కింద రాసే 'పసఙన్'లు ఉన్నాయి. ఈ లిపిలో రాసిన సూఫీ పద్యాలకు సులుక్ అని పేరు. అరబ్బీలో ఆ మాటకు దారి పట్టి నడవడమని అర్థం. తోలుబొమ్మలాటలో సూత్రధారి పాడే పాటలను కూడా జావాలో సులుక్ అనే అంటారు. అవి వేరు, ఇవి వేరు. పుస్తకాలు వెతికేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి, లేకపోతే ఒకదానికి బదులు ఇంకొకటి చేతికొస్తుంది.

మీకు జావా భాష రాదనుకునే ఇది రాస్తున్నాను. మీ దగ్గర ఒక మూలపాఠం, పక్కన ఒక అనువాదం ఉంటే చాలు.

మొదటి అడుగు: భీముడితో మొదలుపెట్టండి

చాలామంది సెరత్ చెంఠినితో మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోతారు. జావాలోని సురకర్త రాజ్యపు యువరాజు ఆధ్వర్యంలో కూర్చిన ఆ గ్రంథం పన్నెండు సంపుటాలు. సంగీతం, వంటలు, మందులు, శృంగారం, ఫకీర్ల తిరుగుళ్లు అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని తర్వాత చూసుకుందాం.

తెలుగువాళ్లకు సులువైన ద్వారం దేవ రుచి. 18వ శతాబ్దం చివర్లో సురకర్త ఆస్థానకవి యసదిపుర దాన్ని పాడుకునే పద్యాల్లోకి తెచ్చాడు. కథానాయకుడు మన భీముడే, అక్కడ బిమ అంటారు. ద్రోణుడు అతన్ని 'జీవజలం' తెమ్మని పంపుతాడు. లోపలి ఉద్దేశం మాత్రం భీముడు తిరిగి రాకూడదని. ముందు కొండకు పంపితే అక్కడ ఇద్దరు రాక్షసులు ఎదురవుతారు. చివరికి వాళ్లు ఇంద్రుడూ వాయువూ అని తేలుతుంది. తర్వాత సముద్రానికి పంపితే భీముడు మహాసర్పాన్ని చంపి అడుగుకు వెళ్తాడు. అక్కడ బొమ్మంత మనిషి ఒకడు కనిపిస్తాడు, అచ్చం భీముడి పోలికే. అతనే దేవ రుచి. "నా ఎడమ చెవిలోంచి లోపలికి రా" అంటాడు. ఇంత శరీరం అంత చిన్న చెవిలో పట్టేదెలా అని భీముడు నవ్వుతాడు. "నువ్వు పెద్దా, లోకం పెద్దా? ఈ లోకమంతా నాలో పడుతుంది" అని జవాబు.

లోపలికి వెళ్లాక భీముడికి దిక్కులు తెలియవు. కింద, పైన అన్న తేడా ఉండదు. తర్వాత నాలుగు రంగులు కనబడతాయి: నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు. మొదటి మూడూ మనిషిని దారి తప్పించేవి, తెలుపు ఒక్కటే ప్రశాంతం. సూఫీలు 'నఫ్సు'ల గురించి, అంటే మనసు పోకడల గురించి, చెప్పే మాటే ఇది. జావావాళ్లు ఆ నఫ్సులకు ఈ నాలుగు రంగులూ అద్దారు.

ఆ తర్వాతి ఘట్టాన్ని మాత్రం నెమ్మదిగా చదవండి. భీముడు బయటికి రానంటాడు. ఇక్కడ ఆకలి లేదు, నిద్ర లేదు, నొప్పి లేదు, ఇక్కడే ఉండిపోతానంటాడు. చావు రాకుండా అది కుదరదంటాడు దేవ రుచి. భీముడు బయటికి రావాలి, యుద్ధం చేయాలి, తిండి తినాలి, కానీ లోపల చూసింది మరవకూడదు. జావావాళ్లు దీనికి పెట్టిన పేరు 'మతి సజ్రొనిఙ్ ఉరిప్', అంటే బతుకులోనే చావు. సూఫీలు ప్రవక్త మాటగా చెప్పుకునే 'చావకముందే చావండి' అన్న వాక్యానికి ఇది జావా రూపం.

ఓ చిన్న సంగతి. భీముడు అక్కడి బొమ్మలాటలో ఎవరినీ మర్యాద భాషలో పిలవడు. రాజైనా గురువైనా అతనికి 'నువ్వే'. దేవ రుచి ముందు మాత్రం మర్యాద భాషలోకి మారతాడు. అనువాదంలో ఇది మాయమైపోతుంది. మన 'నువ్వు', 'మీరు' తేడాతో చదివితే ఆ మలుపు తగులుతుంది.

రెండో అడుగు: అర్థం కన్నా ముందు అక్షరాలు లెక్కపెట్టండి

ఈ పద్యాల ఛందస్సును మచపత్ అంటారు. మన గణాలు, యతులు అక్కర్లేదు. మూడే నియమాలు: పద్యంలో ఎన్ని పాదాలు, పాదంలో ఎన్ని అక్షరాలు, పాదం చివర ఏ అచ్చు. మన గాత్రం నుంచి వెళ్లిన మాటతోనే మొదటి నియమాన్ని 'గురు గత్ర' అంటారు. ఇక్కడ గురువంటే నియమం. మన గురు లఘువులు వాళ్ల పాత కకవిన్ కావ్యాల్లో ఉన్నాయి కానీ మచపత్‌లో లేవు.

పోచుఙ్ అనే ఛందస్సు తీసుకోండి. నాలుగు పాదాలు: 12 అక్షరాలు, చివర 'ఉ'; 6 అక్షరాలు, చివర 'అ'; 8 అక్షరాలు, చివర 'ఇ'; 12 అక్షరాలు, చివర 'అ'. 1853 నుంచి 1881 దాకా ఏలిన నాలుగో మంగ్కునెగర పేరున ఉన్న వెఢతమ అనే కావ్యంలోని ఈ పద్యంలో లెక్కపెట్టి చూడండి:

ఙెల్ము ఇకు కలకొనె కంఠి లకు
లెకసె లవన్ కస్
తెగెసె కస్ ఞంతొసని
సెత్య బుద్య పఙెకెసె దుర్ అంగ్కర

'కస్' చివర హల్లు ఉన్నా లెక్కకు వచ్చేది దాని అచ్చు 'అ'. మొదటి పాదం నాలుగు, ఎనిమిదిగా విరుగుతుంది, పాడేటప్పుడు అక్కడే ఊపిరి తీసుకుంటారు. అర్థం సుమారుగా ఇది: ఆ జ్ఞానం ఆచరణతోనే చేతికొస్తుంది, గట్టి సంకల్పంతో మొదలవుతుంది, సంకల్పమంటే తనను తాను దృఢం చేసుకోవడం, నిలకడైన బుద్ధే దుష్ట అహంకారాన్ని అణుస్తుంది. 'లకు' అంటే నడక, ఆచరణ. సులుక్ అన్న అరబ్బీ మాటకు సొంత జావా మాట అదే.

అసలు మచపత్ పదకొండు ఛందస్సుల పేర్లలోనే ఒక జీవితం ఉందని జావావాళ్లు చెప్పుకుంటారు. మస్కుమంబఙ్ అంటే తేలే బంగారం, గర్భంలోని బిడ్డ. మిజిల్, బయటికి రావడం. కినంఠి, చెయ్యి పట్టుకుని నడిపించడం. సినొమ్, లేత చింతచిగురు, అంటే యవ్వనం. అస్మరదన ప్రేమ, గంబుహ్ జోడీ కుదరడం, ఢంఢఙ్గుల తీపి రోజులు. దుర్మ అంటే దానధర్మాలని కొందరు, కోపతాపాలని కొందరు. పఙ్కుర్, లోకానికి వీపు తిప్పడం. మెగత్రుహ్, ప్రాణాన్ని తెంపడం ('రుహ్' అంటే మన ఉర్దూ రూహే). పోచుఙ్, శవానికి చుట్టి ముడేసే తెల్లగుడ్డ.

అలాగని పోచుఙ్ కనబడగానే చావు పద్యమని నిర్ణయించేయకండి. పై పద్యమే చూడండి, దాంట్లో చావు ఊసే లేదు. పిల్లల పొడుపు కథలు కూడా ఇదే ఛందస్సులో ఉంటాయి. చావు గురించిన కవిత్వమే చావు ఛందస్సులో ఉంటుందన్న రూలు లేదు. కవి ఎంచుకున్న ఛందస్సు పేరు, పద్యంలోని విషయం ఎక్కడ తగులుకున్నాయో వెతకడమే మన పని.

మూడో అడుగు: మాటలు మనవే, జాగ్రత్త

తెలుగు పాఠకుడికి ఇక్కడ లాభమూ ఉంది, బోల్తా పడే గుంటా ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు సుక్మ (సూక్ష్మ), జివ (జీవ), రస, బుది (బుద్ధి), తిర్త (తీర్థం) కనబడగానే "ఇది మన అద్వైతమే కదా" అనుకున్నాను. పేజీ అంచుల్లో ఉపనిషత్తు వాక్యాలు రాసుకుంటూ పోయాను. తర్వాత ఆ నోట్సులో చాలా భాగం కొట్టేశాను.

కారణం చిన్నదే. మాట సంస్కృతానిదైనా దాంతో చేయించే పని అరబ్బీ సూఫీ భావానిది. 'రస'నే చూడండి. జావాలో రస, రహస్య రెండూ కలిసిపోయాయి. సూఫీలు గుండె లోతుల్లోని గుట్టును 'సిర్' అంటారు. జావా కవి ఆ 'సిర్'ను రస అనే మాటలో పోశాడు. దాన్ని మన నవరసాల వైపు లాగితే పద్యం చెడిపోతుంది.

మూడు మాటలు మరీ మోసం చేస్తాయి. 'మతి' అంటే అక్కడ చావు. 'పతి' అంటే కూడా చావే (అధిపతిలోని పతి వేరు). 'ముక్స' మన మోక్షం నుంచే వెళ్లింది కానీ అక్కడ ఎక్కువగా దేహంతో సహా మాయమైపోవడం. దీనికి ఎదురుగా 'అంతక' అంటే చావని వినగానే మనకు తెలిసిపోతుంది. మర్యాదగా అయితే 'తిలర్ దొన్య', దునియా విడిచారని అంటారు. రాజులు పోతే 'సురుద్', ఆటుపోట్లలో నీళ్లు వెనక్కి తీసినట్టు.

కాబట్టి పద్యంలోని ముఖ్యమైన మాటలను మూడు గడుల్లో రాసుకోండి: జావా సొంతం, సంస్కృతం, అరబ్బీ. 'మనుఙ్గలిఙ్ కవుల గుస్తి', దాసుడూ ప్రభువూ ఒకటవడం, అన్నది ఈ కవిత్వానికి గుండెకాయలాంటి పదబంధం. ఒకటయ్యాక కూడా ఆ మాటల్లో దాసుడు మిగిలే ఉన్నాడు. కొన్ని సులుక్‌లు ఆ దాసుణ్ని పూర్తిగా చెరిపేస్తాయి, చాలావి చెరపవు. మీ చేతిలోది ఏ రకమో తేల్చుకున్నాకే పోలికలు పెట్టండి.

నాలుగో అడుగు: ఏడు మెట్లు గుర్తుంచుకోండి

'సంగ్కన్ పరనిఙ్ దుమది' అన్నది పదే పదే వస్తుంది. పుట్టినవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి అని. దీని వెనకున్న పటం 'మర్తబత్ తుజుహ్', ఏడు మెట్లు. ఆ పటం జావాకు వెళ్లింది మన దేశం నుంచే. తపతి ఒడ్డున, ఇప్పటి మధ్యప్రదేశ్‌లో ఉన్న బుర్హాన్‌పూర్‌కు చెందిన ముహమ్మద్ ఇబ్న్ ఫజ్లుల్లా (మరణం 1620) అరబ్బీలో ఒక చిన్న పుస్తకం రాశాడు. అది సుమత్రా, జావాలకు చేరి, జావాలో పద్యంగా కూడా మారింది. దాని మూలంలో సూఫీ తత్వవేత్త ఇబ్న్ అరబీ సంప్రదాయపు ఆలోచనే ఉంది.

మెట్లు ఇవి: అహదియ్యత్ (ఏ గుర్తూ లేని ఏకత్వం), వహదత్, వాహిదియ్యత్, ఆత్మల లోకం, రూపచ్ఛాయల లోకం, దేహాల లోకం, చివరికి మనిషి. మొదటి మూడూ దైవంలోనివే, సృష్టి కిందికి రావు. మిగతా నాలుగూ సృష్టి. పుట్టుక అంటే దిగడం, చావు అంటే తిరిగి ఎక్కడం. వింత ఏమిటంటే అట్టడుగు మెట్టు మీదున్న మనిషిలో పై మెట్లన్నీ ఉన్నాయి. దేవ రుచి చెవిలో లోకం పట్టడం ఇందుకే.

పేర్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. పద్యంలో సముద్రం, అల, అద్దం, నీడ వచ్చినప్పుడు ఇక్కడ దిగుతున్నామా ఎక్కుతున్నామా అని అడగండి, సగం ముడి విడిపోతుంది.

ఐదో అడుగు: పొడుపు కథలను విప్పేయకండి

'చురిగ మంజిఙ్ వరంగ్క, వరంగ్క మంజిఙ్ చురిగ'. కత్తి ఒరలో దూరింది, ఒర కత్తిలో దూరింది. చురిగ అంటే మన చురికే. మొదటి సగం ఎవరికైనా అర్థమవుతుంది: దేహంలో ప్రాణం, మనిషిలో దైవం. రెండో సగం జరగని పని. ఒర కత్తిలోకి ఎలా పోతుంది? అయినా రెండూ కలిసి ఒకే వాక్యం. చాలా వ్యాఖ్యానాలు మొదటి సగం చెప్పి ఊరుకుంటాయి, నాకైతే అసలు పద్యం రెండో సగంలోనే ఉంది. చావంటే కత్తిని ఒరలోంచి లాగేయడమని మనకు తోస్తుంది. ఈ వాక్యం ప్రకారం లాగడానికి వేరే ఒరంటూ మిగల్లేదు.

ఇలాంటివే ఇంకో మూడు: తూటికూర కాడలో చేవ, గాలికి గూడు, ఎగిరే కొంగ అడుగుజాడ. తూటికాడ లోపల బోలు అని మన చెరువుగట్ల మీద కోసుకునేవాళ్లకు చెప్పక్కర్లేదు. బొమ్మలాటలో ద్రోణుడు భీముణ్ని 'గాలికి గూడైన మహావృక్షం' వెతకమంటాడు. వాయుపుత్రుణ్నే గాలి గూడు వెతకమని పంపడం! గాలి అంటే ఊపిరి అని పెద్దలు చెబుతారు. అది ఒప్పుకున్నా, పొడుపును అక్కడితో మూసేయకండి. ఇవి నడుస్తూ నమలడానికి ఇచ్చినవి.

ఆరో అడుగు: తగువు ఎవరితోనో చూడండి

సులుక్‌లు మఠంలో ప్రశాంతంగా పుట్టాయనుకుంటే పొరపాటు. షేక్ సితి జెనర్ అనే సూఫీ గురువు కథ తెలియాలి. అతన్ని పిలవడానికి వలీలు (జావాలో ఇస్లాంను వ్యాప్తి చేసిన మహాత్ములు) మనిషిని పంపితే "సితి జెనర్ ఇక్కడ లేడు, దేవుడే ఉన్నాడు" అన్నాడట. సరే దేవుణ్నే రమ్మనమంటే "దేవుడు లేడు, సితి జెనర్ ఉన్నాడు" అన్నాడట. చివరికి ఇద్దర్నీ పిలవాల్సి వచ్చింది. అతని పేరు మీదున్న పద్యాల్లో మనం బతుకు అనుకునేదే చావు. ఈ లోకం శవాల లోకం, ఆకలి, బాధ, కోరిక అన్నీ చచ్చినవాడి లక్షణాలు. అసలు బతుకు దీని తర్వాతే. వలీలు అతనికి మరణశిక్ష వేశారు. 922లో బాగ్దాద్‌లో సూఫీ హల్లాజ్‌ను చంపిన కథ నీడ దీనిమీద స్పష్టంగా పడింది. అయితే వలీల అభ్యంతరాన్ని చాలా కథనాలు జాగ్రత్తగా చెబుతాయి: అతను చెప్పింది తప్పని కాదు, సంతలో చెప్పాడని.

సెరత్ చెబొలెక్ అనే కావ్యంలో ఇదే తగువు హాస్యంగా వస్తుంది. హాజీ ముతమకిన్ తన కుక్కలకు మతాధికారుల పేర్లు పెట్టి కర్తసుర రాజసభ దాకా వచ్చాడు. అక్కడ కుదుస్ నుంచి వచ్చిన పండితుడు కెతిబ్ అనొమ్ అతన్ని నిలదీసిన తీరు గమనించండి. దేవ రుచి నీకు సరిగ్గా అర్థం కాలేదంటాడు. ఒక మహాభారత పాత్ర కథ మీద ఇద్దరు ముస్లిం పండితులు వాదించుకున్నారు! ఏ సులుక్ చదివినా ఇది బయటికి చెబుతున్నదా, దాస్తున్నదా అని అడగండి. గురువు మాట సగంలో ఆపితే అది కవి చేతకానితనం కాదు.

ఏడో అడుగు: తేదీలు పట్టుకోవడం

జావా కవులు సంవత్సరాన్ని మాటల్లో దాస్తారు. మన శాసనాల్లోని భూతసంఖ్యలే ఇవి, చదవడం కూడా కుడి నుంచి ఎడమకే. చెంఠిని తేదీ 'పక్స సుచి సబ్ద జి': పక్షం 2, సుచి 4, శబ్దం 7, జి 1. తిరగేస్తే 1742. పక్షం రెండని మనకు చెప్పాలా?

దీన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి అందరూ చేసే తప్పు, శక సంవత్సరమనుకుని 78 కలపడం. 1633లో సుల్తాన్ అగుఙ్ శక సంవత్సరం అంకెను అలాగే ఉంచి, లెక్కను మాత్రం హిజ్రీ చాంద్రమానానికి మార్చాడు. అందుకే 1555కు ముందున్న వాటికే 78 కలపాలి. సునన్ బొనఙ్ అనే వలీ మరుగుజ్జు శిష్యుడికి చేసిన బోధగా చెప్పే సులుక్ వుజిల్ తేదీ 1529, అంటే 1607. తర్వాతి వాటికి 512 తీసేస్తే హిజ్రీ సంవత్సరం వస్తుంది. 1742 అలా 1230 హిజ్రీ అవుతుంది, అంటే 1814-15.

ఎనిమిదో అడుగు: మూలం చూడటం

రాతప్రతులు జకార్తా జాతీయ గ్రంథాలయంలో, సురకర్తలోని రద్య పుస్తక మ్యూజియంలో, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్నాయి. లండన్ బ్రిటిష్ లైబ్రరీ యోగ్యకర్త రాతప్రతులు 75 ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 1812 జూన్‌లో బ్రిటిష్ సేన యోగ్యకర్త కోటను దోచుకున్నప్పుడు పోయిన పుస్తకాల కోవకు చెందినవి ఇవి. ఆ దాడిలో ఉన్నవాళ్లలో కాలిన్ మెకంజీ ఒకడు. మన కైఫీయతులు సేకరించిన ఆ మెకంజీయే. మన ఊళ్ల చరిత్రను భద్రం చేసినవాడిగా తలుచుకునే మనిషి అక్కడ దోపిడీ పుస్తకాలతో ఓడెక్కాడు. రెండు సంగతులూ కలిపే గుర్తుపెట్టుకున్నాను నేను.

చివరి అడుగు: బయటికి చదవండి

ఇవి పాడటానికి రాసినవి. రాగం రాకపోయినా ఫరవాలేదు, పాదాంతపు అచ్చు మీద ఆగుతూ చదవండి. సాధనకు రంగ్గవర్సిత రాసిన సబ్ద జతి మొదటి పద్యం ఇస్తున్నాను. సురకర్త ఆస్థానకవుల్లో చివరి మహాకవి అతను (1802-1873). ఛందస్సు మెగత్రుహ్: 12 ఉ, 8 ఇ, 8 ఉ, 8 ఇ, 8 ఒ.

హవ్య పెగత్ ఙుదియ రొఙిఙ్ బుద్యయు
మర్గనె సుక బసుకి
దిమెన్ లువర్ కఙ్ కినయున్
కలిసిఙ్ పఙ్గవె సిసిప్
ఇఙ్కఙ్ తబెరి ప్రిహతొస్

మంచి నడవడిని వెతకడం తెంచుకోకు. సుఖానికీ క్షేమానికీ దారి అదే. కోరింది నెరవేరాలంటే, తప్పుడు పని అంటకుండా ఉండాలంటే, విసుగు లేకుండా నిష్ఠ పట్టు అని భావం. రెండో మాట 'పెగత్' చూశారా? తెగడం. మెగత్రుహ్ పేరులో ఉన్నదీ అదే మాట. పద్యంలో ఛందస్సు పేరు దాచడాన్ని అక్కడ సస్మిత అంటారు, మనం ముద్రాలంకారం అంటాం. ప్రాణం తెగే ఛందస్సులో కూర్చుని కవి అన్న మొదటి మాట 'తెంచుకోకు' అని.

ఈ కావ్యం చివర కవి తన చావు రోజును ముందే చెప్పాడని జావాలో గట్టి నమ్మకం. ఆ పద్యాన్ని తర్వాత ఎవరో చేర్చారనేవాళ్లూ ఉన్నారు. అతను పోయింది 1873 డిసెంబర్ 24న. మీరు మాత్రం చివరి పద్యానికి పరుగెత్తకండి. ముందు 'హవ్య పెగత్' దగ్గర పన్నెండు అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టండి.